తేనెపిట్టను దాచిన పనాంబి

పరానా నది ఒడ్డున ఇవేరా అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో వానాకాలం మొదలు పుట్టిన బిడ్డల్లో ఒక్కరూ ఏడవలేదు. నోరు తెరుస్తారు, గొంతు పెగలదు. వైద్యులు మందులు నూరి నూరి చివరికి చేతులెత్తేశారు.

కారణం తెలిసిన మనిషి ఒక్కతే. పేరు పనాంబి. అడవిలో బతికే గ్వారానీ తెగ తల్లికి పుట్టి, కోటలో చదువుకున్న పిల్ల. అవతలి ఒడ్డు అడవిలో అమ్మమ్మ పాడే సృష్టి పాటను రాజభాషలోకి తెచ్చింది ఆమే. భూమి పుట్టకముందు, చీకట్లో ఉన్న ఆదితండ్రికి ఒక తేనెపిట్ట పూలతేనె తాగించిందట. ఆ బలంతో ఆయన అన్నిటికన్నా ముందు మాటను పుట్టించాడట. ఆ మాటే మనిషికి ప్రాణమని గ్వారానీల నమ్మకం.

బొటనవేలంత పిట్ట దేవుణ్ణి పోషించిందంటే కొలువులో నవ్వుతారని పనాంబి భయపడింది. పిట్టను తీసేసి బంగారు డేగను పెట్టింది. రాజు మెచ్చి ఆమె చేతికి కడియం తొడిగాడు. పసివాళ్ళ గొంతులు మూగబోయింది ఆనాటి నుంచే.

ఇంతలో పనాంబికి చెల్లెలు పుట్టింది. అదీ ఏడవలేదు.

"పున్నమిలోగా గొంతు రాకపోతే దీని ప్రాణం వచ్చిన దారినే పోతుందే," అంది తల్లి.

అమ్మమ్మ దగ్గరికి వెళ్ళడానికి పనాంబి పడవ ఎక్కింది. తల్లికి కూడా నిజం చెప్పలేదు.

అడవి మొదట్లో నీలిపులి దారికి అడ్డంగా పడుకుని ఉంది. "ఎవరి తప్పు దిద్దడానికి వచ్చావు పిల్లా?" అని అడిగింది.

"రాజుగారిది. ఆయనకు పెద్ద పక్షులే ఇష్టం."

"అబద్ధమాడేవాళ్ళకు నీడ దేనికి?" అంటూ పులి ఆమె నీడను మింగేసి దారి వదిలింది.

ఆపైన భూమిని మోసే తాటిచెట్టు ఎదురైంది. అదీ అదే అడిగింది.

"పండితులది, తాతా. రాజభాషలో ఆ పిట్టకు పేరే లేదన్నారు."

"కోట తోటలో రోజూ వాలుతుందిగా! దాన్ని ఏమని పిలుస్తారే మరి?"

పనాంబి తప్పించుకుని ముందుకు నడవబోయింది. చెట్టు ఆమె అడుగుల చప్పుడు లాగేసుకుంది.

అమ్మమ్మ గుడిసె ముందు మొక్కజొన్నలు దంచుతోంది. తలెత్తి చూసింది. "నీడ లేదు, అడుగుల చప్పుడు లేదు. ఏం మిగుల్చుకుని వచ్చావే?"

"తప్పు నాదే అమ్మమ్మా. నీ పాటను చూసి నేనే సిగ్గుపడ్డాను."

అమ్మమ్మ రోకలి ఆపలేదు. "పిట్టను తీసేసింది నా ముందా? ఎక్కడ తీశావో అక్కడే పెట్టు."

"నవ్వుతారు."

"నవ్వనీ."

"నువ్వు నన్ను క్షమిస్తావా?"

"క్షమించడానికి పాట నా ఒక్కదానిదా? పద, నేనూ వస్తాను."

పున్నమి నాటి ఉదయం పనాంబి నిండు కొలువులో నిలబడింది. కడియం తీసి రాజు ముందు పెట్టి, చేసిన పని చెప్పింది. తర్వాత పాట ఎత్తుకుంది. పాటలో పిట్ట పేరు రాగానే మంత్రి పకపకా నవ్వాడు. వెనకే సభంతా నవ్వింది. ఆమె చెవులు మండాయి. అయినా ఆపలేదు. చివరి మాట పూర్తయ్యేసరికి తల్లి ఒడిలోని చెల్లెలు కేర్‌మంది. ఆ వెంటనే ఊరంతా పసిపిల్లల ఏడుపులు. సభలో నవ్వు వాటికింద అణిగిపోయింది.

పనాంబికి నీడ వచ్చింది, అడుగుల చప్పుడు వచ్చింది. అడవివాళ్ళు విని ఒప్పుకున్నాకే వాళ్ళ పాటను కొలువులో చదవాలని రాజు శాసనం వేయించాడు. కడియం తిరిగి ఇవ్వబోతే పనాంబి పుచ్చుకోలేదు.

అమ్మమ్మ చంటిదాన్ని ఎత్తుకుని, చాలాసేపు ఆ ఏడుపు విని, పేరు పెట్టింది. మైనుంబి. అంటే తేనెపిట్ట.

చెల్లెల్ని పిలిచిన ప్రతిసారీ పనాంబి తల సిగ్గుతో వాలిపోయేది. అయినా వీధి చివరిదాకా వినబడేలా గట్టిగానే పిలిచేది.