వేపాకు వీధిలో తాలింపు

ప్రేమకథ మొదలవ్వాలంటే చినుకులు పడాలట. పుంగనూరులో ఆ రోజు చినుకు లేదు. ఎండ మాడుస్తోంది, జీపులో ఏసీ పనిచేయడం లేదు, జీపుకు అడ్డంగా గంగప్ప చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

మునీశ్వరి జీపు దిగింది. మదనపల్లెలోని ఒక పరిశోధన కేంద్రంలో ఉద్యోగం ఆమెకు. చిన్నపిల్లలకు మాటిమాటికీ దగ్గూ జ్వరమూ ఏ క్రిమి వల్ల వస్తున్నాయో కనుక్కోవడం పని. అందుకు వాళ్ల ముక్కులో దూదిపుల్ల తిప్పి తీసుకెళ్లాలి. పిల్లలు అప్పుడే ఆమె చుట్టూ మూగారు. ఒకరిద్దరు చంకెక్కారు కూడా.

"ఏమప్పా, యాల అడ్డం నిలబడినావు?"

"మా పిల్లోళ్ల ముక్కుల్లో వైరస్ పెడతాండారంట."

"పెట్టేది లే. ఆడ ఉండేదాన్ని తీసేది."

"మీ సదువుకున్నోళ్లు బెంగళూరులో క్యాన్సరోళ్లకు వైరస్ ఎక్కిస్తాండారా లేదా? ఫోన్లో సూసినా. అబద్ధమని సెప్పు."

మునీశ్వరికి తల పట్టుకోవాలనిపించింది. పూర్తి అబద్ధమైతే ఒక్క మాటతో కొట్టిపారేయొచ్చు. ఇది సగం నిజం.

"అది వేరేప్పా. మనిషి రక్తంలో నుంచి కణాలను బయటికి తీసి, వాటిలోకి క్యాన్సర్‌ను గుర్తుపట్టే జీన్ ఎక్కించి, మళ్లా ఒంట్లోకి పంపిస్తారు. ఆ జీన్‌ను మోసేదానికి వైరస్ కావాల. దాన్ని మచ్చిక చేసి..."

"మచ్చిక చేసేదానికి అదేమన్నా పుంగనూరు ఆవా?"

వీధి వీధంతా నవ్వింది. గంగప్ప బతుకు టమోటా బండి మీద. తెల్లారేసరికి మదనపల్లె మార్కెట్ యార్డులో సరుకు దించేసి, మిగతా పొద్దంతా ఎక్కడ అన్యాయం కనిపిస్తే అక్కడ అడ్డం పడేవాడు. కనిపించకపోతే వెతికేవాడు.

"నీ బండిలో టమోటాలు దించేసి ఇటికలు ఎక్కిస్తే అదే దోవన పోతాదా లేదా? అట్లనే. వైరస్సే బండి. జబ్బును దించేసి, జీన్‌ను ఎక్కించినారు."

"డ్రైవరెవరు?"

"దేవుడా," అంది మునీశ్వరి.

"అది సరే. ఈ కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉండాయి. ఏం రాసినారో తెలీకుండా మా అక్క సంతకం యాల పెట్టాల?"

సరైన ప్రశ్న వేసినవాడి మీద రెట్టింపు కోపం వస్తుంది. "రేపు తెలుగులో తెస్తా," అని విసురుగా జీపెక్కింది. ఎక్కి వెనక్కి చూసింది. అతను అప్పటికే చూస్తున్నాడు. ఆ రోజు సక్రమంగా జరిగిన పని అదొక్కటే.

మర్నాడు తెలుగు కాగితాలు వచ్చాయి. వీధి మొదట్లోనే మునీశ్వరి ఆగిపోయింది. ప్రతి గుమ్మానికీ వేపమండ కట్టి ఉంది.

అమ్మవారు పోసిన ఇంటికి వేపమండ కడతారు. ఆ గడప బయటివాళ్లు తొక్కరు. మునీశ్వరిది కుప్పం పక్కన శాంతిపురం. ఆ మర్యాద ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. టీ అంగడి బల్ల మీద కూలబడి ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆదివారం నేను రాను. మూడు వారాలు రాలేను. సురేంద్రకు నువ్వే ఏదో ఒకటి సెప్పు."

గెలిచిన సంబరం చూసుకుందామని టీ గ్లాసుతో వచ్చిన గంగప్ప ఆ గొంతు విని ఆగిపోయాడు.

"ఏమైంది మేడమ్?"

"నా తమ్ముడు. తొమ్మిదో తరగతి. రక్తంలో క్యాన్సర్. నువ్వు ఫోన్లో సూసిన బండి వానికే ఎక్కించినారు. జబ్బు కనబడ్డంలే అన్నారు. ఆదివారం బెంగళూరు నుంచి ఇంటికి వస్తాండాడు. ఇన్ని నెలలూ అద్దంలో నుంచే సూసినా వాన్ని."

"మంచిదే కదా."

"ఏం మంచిది? వాని ఒంట్లో ఇప్పుడు జబ్బుకు అడ్డం నిలబడే శక్తి లే. అమ్మవారు సోకితే తట్టుకోలేడు. నిన్న ఈ పిల్లోళ్లనందరినీ ఎత్తుకున్నా. నాకు చిన్నప్పుడు పోయలే. టీకా వేయించుకోండని ఊరందరికీ సెప్తా, నేను మాత్రం వేయించుకోలే. నాకు సోకిందో లేదో తెలిసేదాకా ఇంటికి పోయేదానికి లే."

గంగప్ప టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"యాపాకు అబద్ధం. నేనే కట్టించినా."

"వీధంతా?"

"వీధంతా."

"యాల?"

"నువ్వు రాకుండా."

"నీకు బుద్ధి ఉండాదా?"

"నిన్నటిదాకా ఉండాదనుకున్నా."

మునీశ్వరి లేచి నిలబడింది. అరవలేదు. అరిస్తే బాగుండేదనిపించింది గంగప్పకు. "అందులో ఒక్క ఇల్లు నిజమైతే? ఇంత అబద్ధం ఆడినోని మాట నమ్మి నా తమ్ముని దగ్గరికి పొమ్మంటావా?"

న్యాయమైన మాట. న్యాయమైన మాటకు గంగప్ప ఎదురు చెప్పడు. వీధిలోకి దారి తీశాడు.

"రా. ఇది తాలింపులు పెట్టే పొద్దు."

ఆమెకు వెంటనే అర్థమైంది. అమ్మవారున్న ఇంట్లో తాలింపు పెట్టరు. నూనె చిటపటమనకూడదు. గంగప్ప వేపమండ కట్టమన్నాడు, కట్టారు. తాలింపు మానమని అతను చెప్పలేదు. చెప్పినా ఎవరూ వినేవాళ్లు కాదు.

మొదటి ఇంట్లో ఆవాలు పేలాయి. రెండో ఇంట్లో ఎండుమిరప ఘాటుకు మునీశ్వరి తుమ్మింది. మూడో ఇంట్లో ఏకంగా కోడికూర.

"అంజమ్మా, అమ్మవారు పోసిన ఇంట్లో కోడిని యాల కోసినావు?" అంది మునీశ్వరి.

"గంగప్ప ఆకు కట్టమన్న్యాడమ్మా. కూర వండద్దని సెప్పలే."

వాసన ఒక్కదాన్నే మునీశ్వరి నమ్మలేదు. ప్రతి ఇంటి ముందూ పిల్లల్ని నిలబెట్టి, దూరం నుంచే చొక్కాలు ఎత్తించి, వీపులూ పొట్టలూ చూసింది. ప్రతి ఇంటివాళ్లూ గంగప్పను తిట్టారు. అతను నోరెత్తకుండా నడిచిన వీధి ఇదొక్కటే.

చివరి ఇల్లు అతని అక్క సుమలతది. వాసన లేదు, చప్పుడు లేదు. నిన్న మునీశ్వరి చంక దిగనని మొండికేసింది ఆ ఇంటి పాపే. ఆమె కాళ్లు దూరంగానే ఆగిపోయాయి.

గంగప్ప గుమ్మం దాకా పరుగెత్తాడు. "అక్కా," అని పిలిచాడు. "తాలింపు యాల పెట్టలా?"

సుమలత గరిటెతో బయటికొచ్చింది. "యాడ పెట్టేదిరా? పొద్దున్నే గ్యాస్ అయిపోయింది. సిలిండర్ తేరా అని ఫోన్ మీద ఫోన్ చేస్తాండా. నువ్వు ఊరికి ఆకులు కట్టిస్తా తిరగతాండావు. పాప బిస్కెట్లు తిని కూర్చోనుండాది."

పాప బిస్కెట్ నములుతూ బయటికొచ్చింది. సుమలత గౌను విప్పి తిప్పి చూపించింది. ఎక్కడా ఒక్క పొక్కు లేదు. మునీశ్వరి వీధిలోనే కూర్చుని నవ్వింది. నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. మళ్లీ గంగప్పను చూడగానే కోపం తిరిగొచ్చింది.

"ఆ కాగితం వీధందరికీ సదివి వినిపించు. తర్వాత ముక్కు పైకెత్తు."

"నాదెందుకు? నేను చిన్నపిల్లోన్ని కాదు."

"బుద్ధి మాత్రం అంతే ఉండాది."

గంగప్ప కాగితం చివరి అక్షరం దాకా గట్టిగా చదివాడు. అర్థం కాని రెండు చోట్ల ఆమెతోనే చెప్పించాడు. తర్వాత ముక్కెత్తాడు. దూదిపుల్ల తిరిగింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అతను రెండుసార్లు తుమ్మాడు. సుమలత వేపమండ తెంపేసి, పాపను ముందుకు తెచ్చింది. వెనకే అంజమ్మ, మనవడితో.

రెండు రోజులకు గంగప్పకు మునీశ్వరి ఫోన్ వచ్చింది. "నీ ముక్కులో జలుబు వైరస్ ఉండాది. సురేంద్ర దగ్గరికి రావద్దు."

"నేను వస్తానని ఎప్పుడన్నా?"

"అంటావనుకున్నా."

ఆదివారం ఆమె ఒక్కతే కుప్పం బస్సెక్కింది. ఆ తర్వాత గంగప్ప టమోటాలు దించిన ప్రతిసారీ ఆమె ఆఫీసు ముందు ముక్కెత్తుకుని నిలబడ్డాడు. ఒకరోజు మార్కెట్ యార్డులో క్రేట్ల మీద కూర్చుని ఉండగా మెసేజ్ వచ్చింది. "ఏమీ లేదు. శాంతిపురం రావచ్చు. మాస్కు పెట్టుకో." ఇంత చక్కటి మాట అతనికి ఎవరూ రాయలేదు. నాలుగుసార్లు చదువుకున్నాడు.

శాంతిపురంలో సురేంద్ర వసారా చివర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. టోపీ కింద జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది.

"యాపాకు అన్న నువ్వేనా?"

"నేనే."

"డ్రైవరెవరని నువ్వడిగినావంట. నేను డాక్టర్‌ను అడిగినా. నవ్వినాడు గానీ సెప్పలే."

గంగప్ప చెప్పడానికి చాలా పెద్ద ఉపన్యాసం తెచ్చుకున్నాడు. ఒక్క ముక్కా గుర్తు రాలేదు. "మీ అక్కంటే నాకు ఇష్టం," అనేశాడు, ఆమెకు చెప్పాల్సింది తమ్ముడికి.

వాళ్లమ్మ యశోదమ్మ గడపలో నిలబడి కూతురి వైపు చూసింది. "ఏమే, ఈ అబ్బాయికి నేనేం సెప్పాల?"

"ముందు తాలింపు పెట్టమ్మా," అంది మునీశ్వరి. "తినే పోతాడు."

వంటింట్లో ఆవాలు చిటపటమన్నాయి. వాసన చూద్దామని గంగప్ప మాస్కు కిందికి లాగబోయాడు.

"పెట్టుకో," అంది మునీశ్వరి.

పెట్టుకున్నాడు. జన్మలో మొదటిసారి, ఎందుకని అడగకుండా.