పెద్దాయన గదిలో ఫోన్

గుంటూరు నుంచి సత్తెనపల్లి వెళ్లే రోడ్డు మీద ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉంది. పేరు చెప్పను. చెబితే నోరు కడుక్కోవాలి. అక్కడ ఆఫీసు వెనక ఒక గది ఉంది, పెద్దాయన గది అంటారు. చీకటి పడ్డాక ఆ వరండా ఎవరూ ఎక్కరు. హమాలీలు ముక్కు మూసుకుని మురుక్కాలవ పక్కనుంచైనా చుట్టు తిరిగి పోతారు గానీ, ఆ గుమ్మం ముందునుంచి మాత్రం నడవరు.

ఎందుకంటే తాళం వేసి ఉన్న ఆ గదిలో... రాత్రిళ్లు ఫోన్ మోగుతుంది.

పెద్దాయన అంటే పాత ఓనరు. ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు. కొడుకు గదికి తాళం వేయించి, గోడకి ఫోటో పెట్టి, దండ వేసి, సాయంత్రం పూట దీపం పెట్టమని వాచ్‌మన్ యలమందయ్యకి అప్పగించాడు. బల్ల మీది ఫోన్ నాన్నగారు వాడింది కాబట్టి కదిలించొద్దన్నాడు.

కొన్నాళ్లకి ఒక రాత్రి ఆ ఫోన్ మోగింది. చాలాసేపు మోగింది... ఆగింది. తెల్లారి చూస్తే, దూరంగా వెనక, చల్లదనానికి అమోనియా గ్యాసు తిప్పే మిషన్ రూములో వెంకయ్య అనే ఆపరేటరు చచ్చిపడి ఉన్నాడు. అక్కడి ఇంటర్‌కమ్ రిసీవరు అతని చేతిలోనే ఉంది.

ఇంకేముంది! పెద్దాయనే ఫోన్ చేసి పిలిపించుకున్నాడన్నారు. నమ్మకస్తుడైన వెంకయ్య లేకుండా ఉండలేకపోయాడన్నారు. తర్వాతి సీజన్లో మళ్లీ మోగింది. ఆ రాత్రి చాంబర్లో బస్తాలు మీద దొర్లి ఒక హమాలీ పోయాడు. దాంతో ఖాయమైపోయింది... ఆ ఫోన్ మోగితే ఒక మనిషి పోతాడు. కొడుకు శాంతి చేయించాడు, గుమ్మడికాయ కొట్టించాడు. చచ్చినవాళ్ల ఇళ్లకి మాత్రం ఒక్కసారైనా వెళ్లిన పాపాన పోలేదు.

ఇదంతా నాకు చెప్పింది నజీర్. మా వీధివాడే, లారీ తోలతాడు. పోయిన మిరప సీజన్లో బస్తాల లోడుతో అక్కడికి వెళ్లాడు. గేటు దగ్గర సెల్‌ఫోన్ తీసుకుని బుట్టలో పడేశారు. ఎవడో బూజు పట్టిన సరుకుని వీడియో తీశాడట, అప్పటినుంచీ లోపలికి వెళ్లేవాళ్ల ఫోన్లన్నీ ఆ బుట్టలోనే. బూజు తీసేయడం కంటే ఫోన్లు తీసేయడం తేలిక కదా.

దింపుడు వరస రావడానికి చాలా టైముంది. మిషన్ రూములో నైట్ డ్యూటీ సాల్మన్‌ది. ఇద్దరికీ పాత పరిచయం. భార్య రెబ్కా కట్టిచ్చిన అన్నంలో సగం నజీర్‌కి పెట్టి, కబుర్లు చెప్పి పంపాడు. నజీర్ వచ్చి ఆఫీసు ముందు, యలమందయ్య పక్కన బెంచీ మీద నడుం వాల్చాడు.

అప్పుడు మోగింది.

యలమందయ్య నోట్లో గుట్కా నమలడం ఆపేశాడు. ఫోన్ మోగుతూనే ఉంది... మోగి మోగి ఆగింది. ఊపిరి పీల్చుకునే లోపే మళ్లీ మొదలైంది. మళ్లీ ఆగింది. మళ్లీ...

నజీర్‌కి వెన్నులో చలి పుట్టిందట. కానీ దాంతోపాటే ఒక అనుమానం కూడా పుట్టింది. తను ఫోన్ ఎత్తకపోతే వాళ్ల ఆవిడ అచ్చం ఇలాగే చేస్తుంది, పెట్టేసి వెంటనే మళ్లీ కొడుతుంది. దెయ్యానికి ఇంత తొందరేమిటి?

"తాళం ఇయ్యి బాబాయ్."

"వద్దురా... ఎత్తినోణ్ణి తీసుకుపోతాడు," అని గొణిగాడు యలమందయ్య. మొలతాడుకున్న తాళంచెవి నజీరే లాక్కున్నాడు.

తలుపు తియ్యగానే కంపు. దండ కుళ్లి నల్లగా వేలాడుతోంది. ప్రసాదం పళ్లెంలో ఎలక పెంటికలు. దీపం నూనెలో ఈగలు. ఇదట భక్తి! ఫోన్ ఎత్తితే దాని కిందనుంచి బొద్దింక ఒకటి చేతి మీదుగా పాకిపోయింది.

రిసీవర్లో ముందు ఏమీ లేదు... ఒగరుస్తున్న శబ్దం. తర్వాత దగ్గు. ఆ తర్వాత, గొంతు.

"నూట ఎనిమిదేనా అండీ... గ్యాసు లీకయింది... కళ్లు కనపట్లా... నా పేరు సాల్మన్..."

చచ్చినవాడి గదిలో బతికున్నవాడి గొంతు. ఇందాక తనకి అన్నం పెట్టిన గొంతు. నజీర్‌కి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మరుక్షణం రిసీవరు పడేసి గేటుకి పరిగెత్తాడు.

అక్కడ ఏం జరిగిందో చెప్పేటప్పుడు నజీర్ మొహం ఇప్పటికీ అసహ్యంతో వంకర తిరుగుతుంది. వెనకే వచ్చిన యలమందయ్య ఫోన్ల బుట్టని పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. మేనేజరు గారిని అడక్కుండా ఇవ్వకూడదన్నాడు. మేనేజరు గారు నిద్రపోతుంటారన్నాడు. నజీర్ బుట్ట లాగి నేల మీద బోర్లించి, తన ఫోన్ వెతుక్కుని, నిజమైన 108కి చేశాడు. గ్యాసు లీకని, ఏ రోడ్డు మీద, ఏ గేటు అని విడమర్చి చెప్పి, ఫైరింజను కూడా కావాలన్నాడు.

ఇంతలో సాల్మన్ పాక్కుంటూ మిషన్ రూము గుమ్మం దాకా వచ్చి పడిపోయాడు. తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని నజీరూ ఇద్దరు హమాలీలూ అతన్ని బయటికి లాగారు. బతికాడు. ఒక కన్ను పోయింది.

ఆస్పత్రిలో రెబ్కా ఒక్కటే అడిగింది. "మా ఆయన అంతసేపు ఫోన్ కొట్టాడంట గదన్నా, ఎవరూ ఎందుకు ఎత్తలేదు?"

ఎందుకంటే, అది ఈ కంపెనీ కాబట్టి. మిషన్ రూములో ఇంటర్‌కమ్ పైన నిగనిగలాడే ప్లాస్టిక్ అట్ట ఒకటి తగిలించారు: ప్రమాదం జరిగితే వెంటనే 108కి ఫోన్ చేయండి. తనిఖీకి వచ్చిన ఆఫీసరుకి చూపించడానికి పెట్టిన అట్ట అది. ఆ ఇంటర్‌కమ్‌లనుంచి బయటికి కాల్ పోదు. కూలోళ్లు ఇంటికి ఫోన్లు చేసుకుంటున్నారని ఎప్పుడో కట్ చేయించారు. ఇక లోపల గదులకి నంబర్లు ఇచ్చేటప్పుడు, నూట ఎనిమిది దేవుడి నంబరని పెద్దాయన ముచ్చటపడి తన గదికి పెట్టించుకున్నాడు.

అంతే. దెయ్యం అంటే ఇదే. ఫోన్ మోగితే మనిషి పోవడం కాదు. మనిషి పోతుంటే ఫోన్ మోగింది. వెంకయ్య గుండె పట్టుకుని కొట్టింది ఆ నంబరే. బస్తాలు పడ్డ రాత్రి చాంబర్లో ఉన్న ఇంటర్‌కమ్ నుంచి తోటి హమాలీలు కొట్టిందీ ఆ నంబరే. 108 వాళ్లు ఎత్తట్లేదని గవర్నమెంటుని తిట్టుకుంటూ కూర్చున్నారట, పాపం. గోడకి ఇవతల ఇంతమంది ఆ మోత విని, దణ్ణం పెట్టుకుని, పక్కకి తిరిగి పడుకున్నారు.

నజీర్ వెళ్లి, ఇప్పుడు ఓనరైన పెద్దాయన కొడుకుని కలిసి అంతా చెప్పాడు. గది నంబరు మార్చండి, బయటి లైను ఇప్పించండి, అట్ట మీద సరిగ్గా రాయించండి అన్నాడు. ఆయన శ్రద్ధగా విన్నాడు, కాఫీ కూడా ఇప్పించాడు.

ఈ సీజన్లో నజీర్ మళ్లీ లోడుతో వెళ్లాడు. గేటు దగ్గర యలమందయ్య హుషారుగా ఎదురొచ్చాడు. పెద్ద హోమం చేయించారట, దెయ్యం వదిలిందట, ఇప్పుడు ఫోన్ అస్సలు మోగడం లేదట. నిజంగానే హమాలీలు ఆ వరండాలో కూర్చుని పేకాడుతున్నారు. నంబరు మార్చారన్నమాట అనుకున్నాడు నజీర్.

"నంబరెందుకు మారుస్తారురా, నాన్నగారి నంబరు," అన్నాడు యలమందయ్య. "సౌండు తీయించారు."

నజీర్ కిటికీ దగ్గరికి వెళ్లి అద్దంలోంచి లోపలికి చూశాడు. దీపం ఆరిపోయి ఉంది. చీకట్లో, ఫోన్ మీద, కాల్ వస్తే వెలిగే చిన్న ఎర్ర లైటు మాత్రం... వెలుగుతోంది, ఆరుతోంది. వెలుగుతోంది, ఆరుతోంది. ఒక్క కన్నుతో ఇంకెక్కడా పని దొరక్క, ఆ రాత్రి కూడా మిషన్ రూములో డ్యూటీ సాల్మన్‌దే.

లైటు ఆగింది.

వెంటనే మళ్లీ మొదలైంది.