చప్పుడు గండి

మణుగూరు అవతల అడవిలో పూటంతా నడిస్తే రెండు కొండలు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నట్టు నిలబడి ఉంటాయి. వాటి మధ్య ఇరుకు దారిని చప్పుడు గండి అంటారు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ ఎండ పడదు. పొద్దు వాలాక ఆ దారిన తండా వాళ్లు పోరు, వెదురు నరికేవాళ్లు పోరు. దయ్యం లేదు గియ్యం లేదని కల్లు దుకాణంలో బల్ల గుద్దేవాళ్లయితే అసలే పోరు.

ఎందుకంటే అక్కడ బండల లోపల నుంచి ఎవరో కొడతారట. టక్... టక్... టక్. విననట్టు నడిచిపోయినవాడు ఇల్లు చేరతాడు. తిరిగి కొట్టినవాణ్ని మాత్రం ఆ లోపలిది తన దగ్గరికి లాక్కుంటుందట.

ఇది రోజారాణి చెప్పగా విన్నది. ఆమె మణుగూరు బొగ్గు గని కాలనీ దవాఖానాలో నర్సు. కథలు అల్లే ఓపిక ఆమెకు ఏ కోశానా లేదు.

మొన్న డిసెంబరులో కాలనీ వాళ్లు తొమ్మిదిమంది రెండు రోజుల అడవి నడకకు బయలుదేరారు. కొండలెక్కడం, లోయలు దిగడం, వాగు పక్కన గుడారాల్లో ఒక రాత్రి, మర్నాడు అదే దారిన వెనక్కి. ఏర్పాట్లన్నీ కిషోర్‌వి. అతను గనిలో కూలీల చేత పని చేయించే ఓవర్‌మన్. సెలవు మీద వచ్చినా షిఫ్టు నడిపిస్తున్నట్టే అరుస్తాడు. దారి చూపేవాడు హీరాలాల్, గండికి దగ్గరి తండా మనిషి. అందరిలోకీ పెద్ద చందర్. ముప్పై నాలుగేళ్లు బొగ్గు తవ్వి రిటైరయ్యాడు. మోకాళ్లు రెండూ గనికే ఇచ్చి వచ్చాడని నవ్వుతూ చెప్పుకుంటాడు.

మొదటి రోజు సాయంత్రం నాలుగు గంటలకు గండిలో అడుగుపెట్టారు. సగం దూరం పోయారో లేదో...

టక్. టక్. టక్.

అందరూ బిగుసుకుపోయారు. ఎవరూ వెనకబడకుండా చివర నడుస్తున్న హీరాలాల్ గుసగుసగా అన్నాడు — "ఎవ్వరు తిరిగి కొట్టకుర్రి. మాట్లాడకుర్రి. జల్దీ నడువుర్రి."

నడిచారు. చందర్ కూడా తల వంచుకుని నడిచాడు. కానీ ఆ రాత్రి గుడారంలో అతనికి కన్ను మూతపడలేదు.

గని వాళ్లకు ఒక మర్యాద ఉంది. పైకప్పు కూలి లోపల చిక్కుకున్నవాడు బండ మీద కొడతాడు. విన్నవాడు అన్నే దెబ్బలు తిరిగి కొట్టాలి. నువ్వున్నావని మాకు తెలిసింది, వస్తున్నాం — అని దానర్థం. ఆ జవాబు వింటే లోపలివాడు ఇంకో రోజు బతుకుతాడు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు, అయినా తప్పినవాడు లేడు.

చందర్ ఒక్కసారి తప్పాడు. ఇరవై ఏడేళ్ల కిందట అతని జతగాడు కోటేష్ కూలిన బండల అవతల ఉండిపోయాడు. మూడేసి దెబ్బలు చందర్ చెవిన పడ్డాయి. "అది రాయి సర్దుకుంటున్న సప్పుడు, పద," అన్నాడు పై అధికారి. చందర్ వచ్చేశాడు. ఆరో రోజున కోటేష్‌ను బయటికి తీస్తే అతని పిడికిళ్ల మీద తోలు లేదు.

రాయి సర్దుకుంటే మూడు కొట్టి ఆగదు. మళ్లీ మూడు కొట్టదు. ఆ సంగతి చందర్‌కు అప్పుడూ తెలుసు, గుడారంలో పడుకున్న ఈ రాత్రీ తెలుసు.

మర్నాడు తిరుగు నడకలో ఆలస్యమైంది. చందర్ మోకాళ్ల వల్లేనని కిషోర్ దారి పొడవునా సతాయించాడు. గండి చేరేసరికి పొద్దు గూకింది. చలి. తడి రాతి వాసన. టార్చి వెలుగు నాలుగడుగుల అవతల చచ్చిపోతోంది.

టక్... టక్...

మూడో దెబ్బకు చాలాసేపు పట్టింది. టక్.

చందర్ ఆగిపోయాడు. నిన్నటి కంటే బలం తగ్గింది. దయ్యానికి నీరసమెందుకు వస్తుంది? కర్ర ఎత్తి బండ మీద మూడుసార్లు గట్టిగా కొట్టాడు.

గండి అంతా మోగింది. ఎవరో కెవ్వుమన్నారు. హీరాలాల్ ఒక్క దూకున వచ్చి కర్ర గుంజుకుని చీకట్లోకి విసిరేశాడు.

"నీకు దండం పెడ్త కాకా... ఏం జేసినవ్? పోయేటోనివి నువ్వు పోతవ్, అది మా తండా మీద పడ్తది!"

"లోపల మనిషున్నడు బిడ్డా."

"మనిషి గాదది!"

కిషోర్ చందర్ చొక్కా పట్టుకున్నాడు. "ముసలోనివి గద అని ఊకుంటున్న. నీ పిచ్చికి తొమ్మిదిమంది సావాల్నా? నడుస్తవా, ఈడ్సుకపోవాల్నా?"

"ఈడ్వు. కోటేష్‌ను ఇడిసొచ్చిన. ఇంకొకల్ని ఇడిసి రాను."

అప్పుడు — టక్, టక్, టక్. ఈసారి గబగబా, ఆత్రంగా.

ఇక ఎవరూ నిలబడలేదు. హీరాలాల్ అందరికంటే ముందు పరుగెత్తాడు. కిషోర్ చొక్కా వదిలి బూతు మాట ఒకటి విసిరి వెళ్లిపోయాడు. మిగిలింది ఇద్దరే. రోజారాణి ఎందుకు ఆగిందో ఆమెకే తెలియదు. టార్చి నా దగ్గరుండె, అంటుంది.

చందర్ తన స్టీలు బాటిల్‌తో కొట్టాడు. చెవి బండకు ఆనించాడు. రెండడుగులు ముందుకు, మళ్లీ కొట్టాడు. జవాబు ఎటు దగ్గరవుతోందో అటు జరిగాడు. రోజారాణి టార్చి పట్టుకుని వెంట జరిగింది. ఇరవై ఏడేళ్లుగా చందర్ చెయ్యి ఈ పని కోసమే కాచుకుని ఉంది.

గండి గోడ ఒకచోట నిలువునా చీలి ఉంది. మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు. "లైటు ఇటు కొట్టు," అన్నాడు.

కొట్టింది. అరిచింది.

కింద, నిలువెత్తు లోతులో — ఒక ముఖం. తెల్లజుట్టు, పగిలిన పెదవులు. కళ్లు మూసుకోలేక వెలుగులోకే చూస్తున్నాయి. చేతిలో కొడవలి ఉంది. దాని పిడి నలిగి పీచయింది. పక్కన కట్ట కట్టిన కొండచీపురు. కాలు మోకాలి దాకా బండ కింద ఉంది.

చందర్ గొంతు చించుకుని అరిచాడు. "మనిషే! ఆడమనిషి! బతికే ఉన్నది, రార్రి!"

మొదట వచ్చింది కిషోర్. ఎంత నోరు పారేసుకున్నా గని మనిషే. సందులోకి దిగి బండ కింద తన చేతికర్ర దూర్చాడు. చందర్ పైనుంచి ఎటు ఎత్తాలో చెప్పాడు. పైకి తీసేసరికి గంట పట్టింది. రోజారాణి నీళ్లు చుక్కచుక్కగా తాగించి కాలికి కట్టు కట్టింది.

అప్పటికి మిగతావాళ్లూ వచ్చి దూరంగా నిలబడ్డారు. హీరాలాల్ వాళ్లను తోసుకుంటూ వచ్చాడు. ముఖం చూశాడు. మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"యాడీ!" అన్నాడు. వాళ్ల భాషలో అమ్మ అని.

ఆమె పేరు ద్వాలి. నిన్న పొద్దున చీపురు కోతకు వచ్చి జారిపడింది. హీరాలాల్ తెల్లవారకముందే వీళ్లను తీసుకురావడానికి మణుగూరు పోయాడు. అమ్మ ఇంట్లోనే ఉందనుకున్నాడు.

"ఎంత సేపాయె యాడీ... నిన్నటి సంది ఈడనే ఉన్నవా?"

ద్వాలి అతని వంక చూడలేదు. మాట గాలిలాగా వచ్చింది.

"నిన్న మీరు పోంగ కొట్టిన. నీ గొంతు ఇన్న. అప్పుడింక నాకు గొంతున్నది... అందరు ముందుకు పోంగనె నీ పేరు పెట్టి పిలిచిన."

ఆమె కొడవలి పిడిని ఒకసారి తడుముకుంది.

"నువ్ ఒక్కనివే ఆగినవ్. నీ చెప్పుల సప్పుడు ఆగింది. మల్ల ఉరికినవ్."

హీరాలాల్ ఆమె పాదాల దగ్గరికి జరిగాడు.

"దయ్యం నీ గొంతు పెట్టి పిలుస్తుందనుకున్న, యాడీ."

ఎత్తుకోవడానికి చేతులు చాచాడు. ఆ ముసలామె ఒళ్లంతా ముడుచుకుంది — సందులో రెండు రోజులున్నప్పుడు కూడా అంత భయపడి ఉండదు. కిషోర్ వంగి వీపు చూపించాడు. అతని మీదే ఆమె గండి దాటింది. కొడుకు వెనకాలే నడుస్తూ పిలుస్తున్నాడు, యాడీ, యాడీ అని... ఆమె మాత్రం బదులు పలకలేదు.