ఎమ్లిన్‌ని అడిగారా?

వేల్స్ కొండల్లోని ఆ ఊళ్లో ఆ ఉదయం కూడా వాన పడుతోంది. ఎమ్లిన్ అల్పాహారానికి నాలుగు ప్లేట్లు పెట్టి, నారింజ మార్మలేడ్ సీసా తండ్రి కుర్చీ ముందుకు జరిపాడు. ఆ తండ్రి చలికాలంలోనే పోయాడు.

“చూశావా?” అంది తల్లి ఎలునెడ్, కూతురు హెలెద్‌తో గొంతు తగ్గించి. “నలభై ఆరేళ్లకే వీడి బుర్ర చెడింది. కేర్ హోమ్‌లో గది మాట్లాడేశాను. సోమవారం చేర్చేస్తా.”

హెలెద్ యూనివర్సిటీలో నర్సింగ్ పాఠాలు చెబుతుంది. తమ్ముడిలా డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాళ్లను మతిమరుపు జబ్బు త్వరగా పట్టుకుంటుంది. ఆమె పరిశోధనంతా దాని మీదే. ఇలాంటి రోజు వస్తుందని ఏళ్లుగా భయపడుతూనే ఉంది.

“డాక్టరుకి చూపించావా?”

“నువ్వున్నావుగా. లోకానికంతా చెబుతావు, మనింటివాడి సంగతి చెప్పలేవా?”

“నేను డాక్టర్ని కాదమ్మా. నా క్లాసులో మొదటి పాఠం ఒకటే, ముందు ఆ మనిషిని అడగమని.” తమ్ముడి వైపు తిరిగింది. “ఎమ్, నాన్న ఎక్కడున్నార్రా?”

ఎమ్లిన్ ఆమెను వింతగా చూశాడు. “ఆస్పత్రిలో. తగ్గాక వస్తాడని అమ్మ చెప్పింది. నీకు తెలీదా అక్కా?”

వాడికి అన్నీ చెప్పాననీ, అంత్యక్రియలకు వాడే రానన్నాడనీ తల్లి చెబితే హెలెద్ నమ్మేసింది. వాణ్ణి ఒక్క మాట అడగలేదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డట్టైంది ఆమె పని.

“చెబితే తట్టుకోలేడే. పసివాడు,” అంది ఎలునెడ్.

“పసివాడేంటి? ఎదిగిన మగాడు. ఇప్పుడే చెబుతా.”

“కన్నదాన్ని నేను. నోరెత్తావంటే గడప దాటు.”

“దాటతాను. చెప్పాకే దాటతాను.”

దేవుడి దగ్గరికి వెళ్లారంటే, ఎమ్‌లాంటివాళ్లు పోయినవాళ్లు తిరిగొస్తారని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారని హెలెద్‌కి తెలుసు. అందుకే తమ్ముడి చేతులు పట్టుకుని సూటిగా చెప్పింది. “నాన్న చచ్చిపోయారు ఎమ్. ఇక రారు.”

“నాన్న శవపెట్టెని ఎవరు మోశారు?” అన్నాడు ఎమ్లిన్.

“బాబాయిలు.”

“నేను మోసేవాణ్ణి. నాకు బలముంది. నన్నెందుకు పిలవలేదు?”

ఎలునెడ్ కుర్చీలో కూలబడింది. “వీడేం మరిచిపోలేదు హెలెద్. వస్తాడని నేనే చెప్పాగా, ఎదురుచూస్తున్నాడు,” అని భోరుమంది.

“ఆ జబ్బు రేపు రావచ్చు. వస్తే డాక్టరున్నాడు, మనమున్నాం,” అంది హెలెద్. ఆమెకీ ఏడుపు ఆగలేదు.

“నేను ఏ హోమ్‌కీ పోను,” అన్నాడు ఎమ్లిన్. “నాన్న సమాధి దగ్గరికి పోదాం. ఇప్పుడే.”

కొక్కేనికున్న తల్లి కోటు తీసి పట్టుకున్నాడు. ఆమె మొహం దాచుకుంది.

“నువ్వు బాత్రూంలో ఏడ్చేదానివి. నేను తలుపు బయటే నిలబడేవాణ్ణి,” అన్నాడు కోపంగా. “ఇంకెప్పుడూ నాకు చెప్పకుండా ఏడవకు.”

ఎలునెడ్ లేచి, కొడుకు పట్టుకున్న కోటులో చేతులు దూర్చింది.