బండికి మాఫీ

"నాకు అంబాసిడర్ అంటే నచ్చది. మారుతి కారే నయం."

ఆ మాటకు ఇచ్చోడ అడ్డా మీది డ్రైవర్లందరూ ఒక్కసారిగా తలలు తిప్పారు. దసరా పొద్దు అది. కడిగిన బండ్ల నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. బానెట్ల మీద బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. ఆ మాట అన్నది బాలలక్ష్మి. అన్నది కూడా తన తండ్రి బుచ్చిరాములు అంబాసిడర్ మీద చెయ్యి పెట్టి.

ఆ అడ్డాకు ఒక ఆచారం ఉంది. గుమ్మడికాయ కొట్టే ముందు ప్రతి ఒక్కరూ తమ బండి మీద చెయ్యి పెట్టి, ఆ ఏడు బండికి చేసిన తప్పో, కడుపులో దాచుకున్న మాటో అందరి ముందు చెప్పాలి. దాన్ని 'బండికి మాఫీ' అంటారు. చెయ్యి పెట్టి అబద్ధమాడితే ఆ ఏడు బండి సరిగ్గా నడవదని నమ్మకం. చెప్పినవాళ్లను ఎవరూ ఎగతాళి చేయకూడదని కూడా నియమం. ఆ నియమాన్ని మాత్రం ఎవరూ పాటించేవారు కాదు.

అప్పటికే ఉట్నూరు దారిలో జీపు నడిపే లచ్చయ్య తన మాఫీ చెప్పుకున్నాడు. "మీ అందరి ముందట ఫియట్‌ను తిడ్త గని, మొన్న ఒక దినం తోలిన. పరుపు మీద పన్నట్టుండె. నా జీపుకు మొఖం సూపియ్యలేక పోయిన" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు.

బాలలక్ష్మి మాటకు మాత్రం ఎవరూ నవ్వలేదు. అంతకు రెండు నెలల ముందే తండ్రి దగ్గర అంగడి మైదానంలో బండి నేర్చుకున్న పిల్ల. అడ్డా మీద మాట్లాడటమే ఎక్కువనుకుంటే, మారుతి నయమంటుందా!

మెకానిక్ లక్ష్మీరాజం ఊరుకోలేకపోయాడు. "మారుతి బండేనా? అగ్గిపెట్టె! ఎడ్లబండి తాకితే మడతవడ్తది."

"అగ్గిపెట్టెనే. గని అన్నచోట మల్లుతది. గీ అంబాసిడర్ మల్లాల్నంటే ఊరంత జరగాలె."

"మా రాములు మామ బండిని గట్లంటే నేనూకోను."

"మా బాపు బండి. నేనంట. నీకెందుకు పరేషాన్, మేస్త్రీ?"

లచ్చయ్య బీడీ తీసి నోరు విప్పాడు. "అరె రాజం, మామా మామా అంటున్నవ్ గని, పిల్లనిస్తనన్నడా?"

ఈసారి అడ్డా అంతా నవ్వింది. బుచ్చిరాములు కూడా మీసాల చాటున నవ్వాడు. బాలలక్ష్మి, లక్ష్మీరాజం మాత్రం ఒకరినొకరు చూడకుండా ఒకే టైరు వంక చూశారు.

ఆ తర్వాత అంబాసిడర్‌కు లేని రోగాలు రావడం మొదలైంది. ఒకరోజు అద్దం దిగదు. ఇంకోరోజు హారన్ పలకదు. బండిని లక్ష్మీరాజం షెడ్డు దాకా నడుపుకొచ్చేది బాలలక్ష్మే.

"హారన్ తీగ ఊడలే. ఎవలో ఊడదీసిండ్రు" అన్నాడు లక్ష్మీరాజం.

"ఎలుకలు గావచ్చు."

"మీ ఇంట్ల ఎలుకలకు స్క్రూడ్రైవర్ వట్టుడస్తదా?"

"మా ఎలుకలకు శాన తెలివి."

అట్లా ఎనిమిది నెలలు ఆ ఎలుకలు ఆ బండిని వదల్లేదు.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం వాన రేకుల మీద పడి మాట వినిపించకుండా చేస్తోంది. ఆ రోజు బండికి నిజంగానే పని పడింది. బ్రేకు మెత్తగా పోతోందని బుచ్చిరాములు పంపాడు. లక్ష్మీరాజం బ్రేకు సిలిండర్ విప్పి, కొత్త రబ్బరు వాషర్లు గోనెపట్టా మీద పెట్టుకుని కూర్చున్నాడు. వాటిని బిగించే ముందు బ్రేక్ ఆయిల్‌లోనే కడగాలి. కిరోసిన్, అదే గ్యాస్‌నూనె, తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. పని నేర్పిన మేస్త్రి మొదటి రోజే చెప్పిన మాట అది.

"గా డబ్బా అందియ్యి జర" అన్నాడు చేయి చాచి.

గోడ వారన ఒకే తీరు డబ్బాలు రెండు ఉన్నాయి. బాలలక్ష్మి ఒకటి తీసి అందించింది. అందిస్తూ అడిగింది. "మా బాపును ఎప్పుడడుగుతవ్?"

డబ్బాలో వాషర్లు ముంచుతున్నాడు గానీ అతని కళ్లు డబ్బా మీద లేవు. తలుపు దగ్గర నిలబడ్డ ఆమె మీద, ఆమె జడ చివర పట్టుకున్న వాన చుక్కల మీద ఉన్నాయి.

"గీ దసరాకే. మాఫీల చెప్త. రాములు మామా, నీ బండి బాగు చేసుకుంట నీ బిడ్డ మనసు దొంగిలించిన అని."

"మా బాపు రెంచి వట్టుకోని తరుముతడు."

"తరమనీ. మీ అంబాసిడర్ నన్ను అందుకోదు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు వింటూనే అతను సిలిండర్ బిగించాడు.

మర్నాడు ఊరి దొర జైపాల్‌రావు, ఆయన భార్య సరళాదేవి బాసరకు బయలుదేరారు. బండి బుచ్చిరాములుది. నిర్మల్ ఘాట్ దిగుతుండగా బ్రేకు పెడల్ నేల దాకా పోయింది. ఒకవైపు లోయ, ఒకవైపు గుట్ట. బుచ్చిరాములు గుట్టకే గుద్దాడు. దొరకూ భార్యకూ గీతలు పడ్డాయి, అంతే. బుచ్చిరాములు కుడి మోచేయి మాత్రం నుజ్జయింది. ఆ చేయి మళ్లీ వంగదన్నారు డాక్టర్లు.

చేయి పోయిందని ఆయన ఏడవలేదు. దొర ఊళ్లోకి వచ్చి "తాగి నడిపిండు. కల్లు వాసన నాకే అచ్చింది" అన్నప్పుడు ఏడ్చాడు. ముందటి రోజు ఒక లొట్టి కల్లు తాగిన మాట నిజమే. ఆ పొద్దున మాత్రం ముట్టలేదు. ఆ మాట వినేవాళ్లు లేరు. ఇరవై రెండేళ్లు ఆ దారిలో బండి నడిపిన మనిషికి తాగుబోతు అనే పేరు ఒక్క పూటలో వచ్చింది.

విరిగిన బండిని తాడు కట్టి లక్ష్మీరాజం షెడ్డుకే తెచ్చారు. అందరూ వెళ్లాక అతను సిలిండర్ విప్పాడు. వాషర్లు నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కిరోసిన్ వాసన.

డబ్బా అందించిన గాజుల చేయి గుర్తుకు వచ్చింది. వాసన చూడని తన ముక్కూ గుర్తుకు వచ్చింది. మేస్త్రి తను. చూసుకోవాల్సింది తను. వాషర్లను బీడీల డబ్బాలో వేసి దూలం మీద పెట్టాడు. బండి ముందరి సొట్టలు తీశాడు, రేడియేటర్ అతికాడు. బ్రేకులకు మాత్రం అతని చేయి పోలేదు. అట్లాగే బండిని ఇంటికి పంపించాడు.

బాలలక్ష్మి షెడ్డుకు వస్తూనే ఉంది. ఇప్పుడు ఎలుకల మాట లేదు.

"రాజం, మా బాపు తాగలే. నువ్వన్న నమ్ముతవా?"

"నమ్ముత."

"మరి బ్రేకులెందుకు వోయినయి? ఏమన్న ఎరుకైందా?"

"సూస్తున్న."

మళ్లీ వారం అదే ప్రశ్న. అదే జవాబు. ఆమె కళ్లలోకి చూసి మాట్లాడటం అతను మానేశాడు. నిజం చెబితే ఈ పిల్ల ఉండదు. చెప్పకపోతే ఆ తండ్రి పేరు ఉండదు. తెల్లవారి లేచి దూలం వంక చూసేవాడు. రేపు చెబుదాం అనుకునేవాడు. అట్లా మూడు నెలలు గడిచాయి.

మళ్లీ దసరా వచ్చింది.

బుచ్చిరాములు రాడని అందరూ అనుకున్నారు. వచ్చాడు. బ్రేకుల్లేని అంబాసిడర్‌ను లచ్చయ్య జీపుకు కట్టించి తీసుకొచ్చాడు. బుచ్చిరాములు భార్య కనకవ్వ ఎప్పటిలాగే దండ గుచ్చి పంపింది. అందరి మాఫీలూ అయ్యాయి. ఆ ఏడు నవ్వులు తక్కువ. చివరికి బుచ్చిరాములు ఎడమ చేయి బానెట్ మీద పెట్టాడు.

"తప్పు నాదే" అన్నాడు. "గా దినం నేను కల్లు..."

"బాపూ! అబద్ధమాడకు!" బాలలక్ష్మి అరిచింది.

"ఊకో బిడ్డా. తప్పు నా మీద వేసుకుంటే గీ బండికి చెడ్డపేరు పోతది, ఇంకో డ్రైవరన్న నడుపుతడు. ఇంట్ల పొయ్యి మండాలె గద."

లక్ష్మీరాజం ముందుకు వచ్చాడు. తన చేయి కూడా ఆ బానెట్ మీదే పెట్టాడు. రెండో చేతిలో బీడీల డబ్బా ఉంది.

"మామ తాగలే. బ్రేకులు నేను కట్టిన. వాషర్లను గ్యాస్‌నూనెల కడిగిన. సూసుకోకుంట కడిగిన. గివే గా వాషర్లు. మూన్నెల్ల నుంచి నా తాననే ఉన్నయి. దాసిపెట్టిన."

ఆ ఆచారం పుట్టినప్పటి నుంచి మొదటిసారి ఎవరూ ఎగతాళి చేయలేదు.

బుచ్చిరాములు ఒక వాషర్‌ను ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. రెండు వేళ్లతో నొక్కి చూశాడు. "మూన్నెల్లు" అన్నాడు మెల్లగా. "నా కాలు మీద నాకే అనుమానం పుట్టింది రాజం. బ్రేకు తొక్కిన్నా, తొక్కలేదా అని. రాత్రి నిద్రల కూడ తొక్కి తొక్కి సూసిన. నువ్వు నన్ను మామా అని పిలుసుకుంటనే ఉన్నవ్."

వాషర్‌ను మళ్లీ డబ్బాలో వేసి ఇంటి దారి పట్టాడు. బాలలక్ష్మి తండ్రి వెనకాలే వెళ్లింది. లక్ష్మీరాజం వంక తిరిగి చూడలేదు. గుమ్మడికాయ కొట్టడం ఆ ఏడు ఎవరికీ గుర్తు రాలేదు.

ఊళ్లో మాట మారింది. దొర కూడా "గట్లనా" అని ఊరుకున్నాడు. బుచ్చిరాముల్ని చూసి మనుషులు మళ్లీ నమస్తే పెట్టారు. లక్ష్మీరాజం షెడ్డుకు మాత్రం బండ్లు రావడం ఆగిపోయింది. పంచరైనా సరే, లచ్చయ్య నేరడిగొండ దాకా తోలుకుపోయాడు. పానాలన్నీ తుడిచి గోడకు వరుసగా వేలాడదీసి లక్ష్మీరాజం ఖాళీగా కూర్చునేవాడు. తప్పు చెప్పాక గుండె తేలికవుతుందంటారు. అతనికి తేలిక కాలేదు. ఖాళీ అయింది.

దీపావళి ముందు రోజు పొద్దున, షెడ్డు బయట ఒక హారన్ మోగింది. అతనికి తెలిసిన హారన్.

అంబాసిడర్ ఫస్ట్ గేర్‌లో నత్తలా వచ్చి ఆగింది. బాలలక్ష్మి ఒక చేత్తో హ్యాండ్ బ్రేకు గట్టిగా పట్టుకుని ఉంది. ఆమె పక్క సీట్లో బుచ్చిరాములు.

ఆమె దిగి వచ్చి ఎదురుగా నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మాఫీల సగమే చెప్పినవ్" అంది.

"మొత్తం చెప్పిన."

"డబ్బా ఎవలిచ్చిన్రు?"

అతని చూపు గోడ వారన ఉన్న డబ్బాల మీదికి పోయింది.

"నాకు గుర్తులేదనుకున్నవా? గ్యాస్‌నూనె అన్నవ్ సూడు, గప్పుడే ఎరుకైంది. ఇంటికి వోయినంక ఇరవై దినాలు నోట్లకు బువ్వ పోలే. నిన్న బాపుతోని చెప్పిన. డబ్బా నేనిచ్చిన, గాయిన నన్ను సూసుకుంట ముంచిండు అని."

"నువ్వు ఇచ్చినా, నేను వాసన సూడాలె. మేస్త్రిని నేను. తప్పు నాదే."

"నా సగం నాకియ్యి రాజం. ఒక్కనివే మోసుకోకు."

కారులోంచి బుచ్చిరాములు దగ్గాడు. ఇద్దరూ అటు తిరిగారు. ఆయన దిగలేదు. ఎదుటి అద్దంలోంచి రోడ్డు వంకే చూస్తూ అన్నాడు.

"రేపటి సంది నా బిడ్డ నడుపుతది గీ బండి. ఇద్దరు కలిసి చెడగొట్టిన్రు. ఇద్దరు కలిసి బాగు చెయ్యుండ్రి. నేను గీన్నే కూసుంట. బండి మంచిగైతే, మిగిలిన ముచ్చట ఇంట్ల కనకవ్వతోని మాట్లాడుత."

"ఇంకా మాఫీ చెయ్యలే" అని కూడా అన్నాడు.

"చెయ్యకు మామా" అన్నాడు లక్ష్మీరాజం. "కూసో, సాలు."

గోనెపట్టా పరిచాడు. చక్రాలు విప్పాడు, సిలిండర్ విప్పాడు. కొత్త వాషర్లు వరుసగా పెట్టుకున్నాడు. మబ్బు పట్టి ఉంది గానీ వాన లేదు. బాలలక్ష్మి అతని పక్కనే గొంతుక్కూర్చుంది.

"గా డబ్బా అందియ్యి" అన్నాడు అతను, చూపు వాషర్ల మీదనే ఉంచి.

ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్లింది. ఒక డబ్బా మూత తీసి వాసన చూసింది. పక్కన పెట్టేసింది. రెండో డబ్బా మూత తీసింది. మళ్లీ వాసన చూసి, తెచ్చి అందించింది.

అతనూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అప్పుడు తల ఎత్తి ఆమెను చూశాడు.