మిరుగునాటి మూకుడు

పేరు పోయిన కొట్టుకు, తూకం ఎంత సరిగ్గా ఉన్నా గిరాకీ రాదు. గోదావరిఖనిలో గని గేటు దగ్గర మిర్చీ బజ్జీల బండి నడిపే లింగవ్వకు ఆ సంగతి తెలుసు. అందుకే డిటెక్టివ్ రాజకుమారి గడప తొక్కింది.

"నేను ఇసం పెట్టిననట బిడ్డా. మా బండికొచ్చే సదానందం నా మిర్చీలు తిని కింద పడ్డడు. గొంతు వాచి ఊపిరాడలే. ఆయన బామ్మర్ది బుచ్చన్న నా పొయ్యి పడగొట్టిండు. రేపు ఠాణాకు పోతడట."

"మిగిలినోళ్లు తినలేదా అవ్వా?"

"అందరు తిన్నరు. ఎవ్వలకు ఏం గాలే."

"ఏ రోజు?"

"మిరుగు నాడు."

మృగశిర కార్తె మొదలయ్యే ఆ రోజు ఆ ప్రాంతంలో చేప వండని ఇల్లు అరుదు. రాజకుమారి క్షణం ఆలోచించి, సహాయకుడు వీరేందర్‌ను తీసుకొని దవాఖానకు వెళ్లింది.

సదానందం తేరుకున్నాడు. "చిన్నప్పటి సంది చాప తింటే పెదవులు ఉబ్బుతయ్ మేడం. గందుకే మిరుగు నాడు గూడ పప్పన్నమే తిన్న."

అక్కడినుంచి ఆమె బండి దగ్గరకు వచ్చి మూకుడు వాసన చూసింది. మేకుకు వేలాడుతున్న ఖాళీ టిఫిన్ డబ్బా మూత తీసి, దాన్నీ చూసింది. వీరేందర్‌కు ఏమీ అర్థం కాలేదు. కానీ ఆమె ఊరికే ముక్కు ఖర్చు పెట్టదని అతనికి తెలుసు.

సాయంత్రం అందరినీ అక్కడికే పిలిపించింది.

"ఈ డబ్బా ఎవరిది?"

"నాదే," అన్నాడు బుచ్చన్న. "మిరుగు నాడు మరిచిపోయిన."

"దీంట్ల ఏం తెచ్చినవ్?"

"చాపముక్కలు. డ్యూటీ దిగినోళ్లం అవ్వతోని ఈ మూకుట్లనే ఏంపిచ్చుకున్నం. ఏటా చేసేదే."

"తర్వాత అదే నూనెల మీ బావకు మిర్చీలు ఏగినయ్."

"సలసల కాగిన నూనె గద. ఇంకేం మిగుల్తది?"

"చాప కండల పార్వాల్బుమిన్ అని ఒక ప్రొటీన్ ఉంటది. కాల్షియంను పట్టుకొని గట్టిగ నిలుస్తది. మరిగినా ఓ పట్టాన చెడిపోదు. మనకది తిండి. మీ బావ ఒంటికి మాత్రం పగ. ఇసం లేదని, చాపే పడలేదని దవాఖానల డాక్టర్ గూడ రక్తం చూసి చెప్పిండు. అవ్వ ఏం కలపలే బుచ్చన్నా. కలిపింది నువ్వే, తెల్వక."

ఠాణా దాకా పోయే కేసును ఆమె ఒక్క డబ్బా మూతతో తేల్చేసింది. వీరేందర్ ఆమెనే చూస్తూ నిలబడిపోయాడు.

బుచ్చన్న వంగి, తాను పడగొట్టిన పొయ్యిని ఎత్తి నిలబెట్టాడు.

"మూకుడు గూడ తోము బిడ్డా," అంది లింగవ్వ. "కొత్త నూనె పోస్త. మొదటి వాయి మీ బావకే. ఇగ చాపలు మాత్రం మీ ఇంట్లనే ఏంచుకో."