ఇరవై ఏడు కావాలంటే అరవై నాలుగు

మా ఊరు దవీద్‌లో లాటరీ నంబరు కొనని మనిషిని నేనింతవరకు చూడలేదు. చచ్చిపోయిన మేనత్త కలలోకొస్తే ఒక నంబరు. బస్సు గుంటలో దిగబడితే దాని ప్లేటు మీది నంబరు. బుధవారం, ఆదివారం డ్రా, మిగతా రోజులు డ్రా గురించి కబుర్లు. పార్కు మూలన ఐస్ గోలా బండి నాది. దాని పక్కనే దోన్యా ఇత్సెల్, అంటే ఇత్సెల్ అమ్మగారి, లాటరీ టికెట్ల బల్ల. అందుకని ఈ కథలో నేను కల్పించింది ఏమీ లేదు, చిటికెడు మసాలా తప్ప.

దోన్యా ఇత్సెల్‌ని మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాక బల్ల దగ్గర ఆవిడ కూతురు యారిసెల్ కూర్చుంటోంది. తల్లి వెనక కుర్చీలో చేరి విసనకర్ర ఊపుతూ పెత్తనం చేస్తుంది. యారిసెల్ మనసు వెన్న. నోటి సంగతి మాత్రం నన్నడక్కండి.

మే నెలలో వానలు పడుతున్న వారం ఎవేలియో వచ్చాడు. యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పడానికి కొత్తగా చేరిన కుర్ర మాస్టారు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, ఇరవై ఏడు నంబరు టికెట్ ఒకటి ఇమ్మన్నాడు. తన కోసం కాదట. చిత్రే అనే ఊళ్లో ఉన్న వాళ్లమ్మకి కలలో కనిపించిందట. ఎవరూ అడక్కుండానే చెప్పాడు పాపం.

"ఇరవై ఏడు ఒక్కటే ఇవ్వను. దానితో అరవై నాలుగు కూడా తీసుకోవాలి," అంది యారిసెల్.

మా ఊళ్లో ఇది అందరికీ తెలిసిన పద్ధతే. అందరూ ఎగబడే నంబరుకి ఎవరూ ముట్టని నంబరు ముడిపెట్టి అమ్ముతారు. రూలు ఒప్పుకోదు గానీ కడుపు ఒప్పుకుంటుంది.

మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. అన్యాయం అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది, పాఠం మొదలుపెట్టాడు. డ్రాలో తీసే నంబరు బంతులన్నీ ఒకటే బరువు, ఏ నంబరుకైనా నూటికి ఒక్క వంతే అవకాశం, కలకీ బంతికీ ఏ చుట్టరికమూ లేదు అన్నాడు. వెనక క్యూలో గొణుగుడు మొదలైంది.

"అయితే అన్నీ సమానమేనంటారు," అంది యారిసెల్.

"ముమ్మాటికీ సమానమే."

"మరి అరవై నాలుగు ఒక్కటే పట్టుకెళ్లండి. మీకు తేడా లేదుగా."

క్యూ అంతా నవ్వింది. ఐసు గోకుతున్న నా చెయ్యి కూడా ఆగింది. మాస్టారు పావు డాలరు బల్ల మీద పెట్టి అరవై నాలుగు తీసుకుని, వానలో తడుస్తూ వెళ్లిపోయాడు. తన మాటకి తనే కట్టుబడిన మగాణ్ని చూసి చాలాకాలమైంది అనుకున్నాను. యారిసెల్ కూడా అలాగే అనుకుందేమో, అతను మలుపు తిరిగేదాకా అటే చూసింది.

ఆ ఆదివారం ఇరవై ఏడూ రాలేదు, అరవై నాలుగూ రాలేదు. మాస్టారు మాత్రం బుధవారం మళ్లీ వచ్చాడు. ఎవరికీ అక్కర్లేక మిగిలిన నంబరు ఏదుంటే అది ఇమ్మన్నాడు. ఇది పరిశోధనట. జనం కోరే నంబర్లు, జనం వద్దనే నంబర్లు ఒకే లెక్కన వస్తాయని రుజువు చేస్తాడట. యారిసెల్ నవ్వు ఆపుకుని బల్ల అడుగున చెయ్యి పెట్టి ఒక టికెట్ తీసి ఇచ్చింది.

అప్పట్నుంచి డ్రా ఉన్న ప్రతిరోజూ వచ్చేవాడు, అదీ సరిగ్గా వాన ముంచుకొచ్చే వేళకి. వానన్నాక బల్ల మీద కట్టిన టార్పాలిన్ కింద నిలబడాలి, నిలబడ్డాక మాట్లాడాలి, మాట్లాడితే గొంతు ఎండుతుంది కాబట్టి నా దగ్గర రెండు గోలాలు కొనాలి. ఆమె గోలా మీద తియ్యటి పాలు ఎక్కువ పొయ్యమని నాకు కళ్లతో సైగ చేసేవాడు. నా వ్యాపారం ఎన్నడూ అంత బాగా సాగలేదు.

పోయిన వారం వచ్చిన నంబరు ఈ వారం మళ్లీ వస్తుందా అని ఓసారి యారిసెల్ అడిగింది.

"ఎందుకు రాదు? బంతికి జ్ఞాపకశక్తి ఉండదు," అన్నాడు మాస్టారు.

"అది ఒక్క బంతి జబ్బేనా? మీ గొడుగు మూడోసారి ఇక్కడే వదిలేసి వెళ్లారు."

దోన్యా ఇత్సెల్ కుర్చీలో కళ్లు మూసుకునే ఉంది. విసనకర్ర మాత్రం ఆగిపోయింది.

ఇలా హాయిగా సాగిపోతుంటే జూలైలో అతని చెత్త నంబరు ఒకటి తగిలింది. పెద్ద డబ్బేం కాదు, మంచి బూట్లు కొనుక్కోవచ్చు, అంతే. ఇంకో రెండు వారాలకి ఇంకొకటి తగిలింది. ఇక ఊరు ఊరుకుంటుందా? మాస్టారి దగ్గర ఫార్ములా ఉందన్నారు. కంప్యూటరుతో లెక్కకట్టి తెస్తున్నాడన్నారు. అలాంటిదేమీ లేదని అతను మొత్తుకున్నాడు. ఫార్ములా ఉన్నవాడు ఉందని చెబుతాడా అని జనం కన్నుకొట్టారు. అతను ఏది కొంటే అది గంటలో అయిపోయేది. దాచడం దేనికి, నేనూ కొన్నాను.

కొన్నాళ్లకి బల్ల మీద ఏ నంబరూ మిగలకుండా పోయింది. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం పొద్దున యారిసెల్ అరవై నాలుగు నంబరు టికెట్లని బల్ల అడుగున దాచుతుంటే ఎవరో చూశారు. మాస్టారి కోసం దాచింది కాబట్టి ఈ వారం వచ్చేది అదేనని ఊరంతా పాకింది. మాస్టారు వచ్చేసరికి క్యూ పార్కు దాటి చర్చి మెట్లదాకా ఉంది.

ముందు నిలబడ్డవాడు ఫుల్వియో తాత. మనవరాలికి పెళ్లంత ఘనంగా జరిపే పదిహేనో పుట్టినరోజు వేడుక కోసం పెంచుకున్న దూడని బావమరిదికి అమ్మేసి, ఆ డబ్బంతా టోపీలో పెట్టుకుని వచ్చాడు. ఉన్న అరవై నాలుగులన్నీ తనకే కావాలన్నాడు. యారిసెల్ ముఖం పాలిపోయింది. ఆ నంబరు రాకపోతే పిల్ల వేడుక ఆగిపోతుంది. పైగా మాస్టారూ ఈ పిల్లా కలిసి ముంచారని ఊరంతా అంటుంది, వాళ్లమ్మ ముప్ఫై ఏళ్లుగా కూర్చున్న బల్ల లేచిపోతుంది.

"నువ్వైనా చెప్పు మాస్టారూ," అంది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అది ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

అతను చెప్పాడు. ఫార్ములా లేదన్నాడు. తాత నవ్వి టోపీ విప్పాడు. నూటికి ఒక్క వంతే అన్నాడు. తాత డబ్బు బయటికి తీశాడు. మాస్టారికి చెమటలు పట్టాయి. ఆరోజు ఎండ కూడా లేదు. ఒకసారి యారిసెల్ వంక చూసి, చెయ్యి చాచి తాత డబ్బు మీద పెట్టాడు.

"తాతా, నేను ఒక్క నంబరు కూడా ఎంచుకోలేదు. ఈ అమ్మాయి ఏదిస్తే అది తీసుకున్నాను. పరిశోధన అన్నది అబద్ధం. టికెట్ కొనకపోతే ఇక్కడికి రావడానికి నాకు ఇంకో సాకు లేదు. నాకీ అమ్మాయంటే ఇష్టం. అంతకుమించి ఇందులో లెక్కేం లేదు."

ఫుల్వియో తాత అతన్ని కిందినుంచి పైదాకా చూసి, డబ్బు తిరిగి టోపీలో సర్దుకున్నాడు.

"ఇది నిజమే," అని వెనక్కి తిరిగి అందరికీ చెప్పాడు. "నలుగురిలో చెవులింత ఎర్రబడేలా మగాడెవడూ అబద్ధం చెప్పడు. నేను పోయి దూడని తోలుకొచ్చుకుంటా."

తోలుకొస్తానన్నాడే గానీ కదల్లేదు. యారిసెల్ ఏమంటుందో వినాలిగా. నాకూ అదే కావాలి.

యారిసెల్ బల్ల అడుగునుంచి అరవై నాలుగు నంబరు టికెట్లు తీసి ముందర పెట్టింది.

"నీ పరిశోధన మొదట్నుంచీ చెడిపోయింది మాస్టారూ. ఎవరికీ అక్కర్లేక మిగిలిన నంబర్లు కావవి. ఎవరికీ చూపించకుండా పొద్దున్నే నేను దాచిపెట్టినవి. ఏమీ మిగలకపోతే నువ్వు రావేమోనని."

అంత చదువుకున్నవాడికి ఆ మాట అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో చెబితే నవ్వుతారు. అర్థమయ్యాక అతని ముఖం చూడాల్సింది. అప్పుడే వాన కూడా దిగింది, అయినా క్యూలోంచి ఒక్కరూ కదిలితే ఒట్టు.

వెనక కుర్చీ కిర్రుమంది. దోన్యా ఇత్సెల్ మోకాళ్లు పట్టుకుని లేచి బల్ల ముందుకి వచ్చింది. ఆవిడ లేచిందంటే డ్రా మొదలైనా అయ్యుండాలి, గొడవైనా అయ్యుండాలి.

"మా బల్ల పద్ధతి నీకు తెలుసు కదా నాయనా," అంది. "అందరూ అడిగేదాన్ని ఒట్టిగా ఇవ్వం. నా కూతుర్ని ఎందరు అడిగి వెళ్లారో ఆ గోలా బండివాణ్ని అడుగు. ఇది కావాలంటే ఎవరికీ అక్కర్లేనిది కూడా తీసుకోవాలి."

"ఏమిటండీ అది?"

"నేను. మోకాళ్ల నొప్పులతో సహా. వచ్చే నెలకి అరవై నాలుగు నిండుతాయి."

జనం గొల్లున నవ్వారు. మాస్టారు వంగి ఆవిడ చెయ్యి అందుకున్నాడు. "నా లెక్కలో రెండూ సమానమేనండీ," అన్నాడు. యారిసెల్ మోచేత్తో పొడిచేసరికి, "అంటే ఇద్దరూ కావాలి," అని దిద్దుకున్నాడు. దోన్యా ఇత్సెల్ విసనకర్రతో అతని నెత్తిన ఒక్కటి వేసింది. మా దగ్గర దాన్ని ఆశీర్వాదమే అంటారు.

సాయంత్రం డ్రాలో అరవై నాలుగు దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఫుల్వియో తాత దూడకి నా గోలా ఒకటి తినిపించి మరీ ఇంటికి తోలుకెళ్లాడు.

మాస్టారు నా బండి పక్కనే నిలబడి చిత్రేకి ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టమని నేనే అన్నాను. వాళ్లమ్మ అన్నింటికంటే ముందు ఇరవై ఏడు కొంటున్నావా లేదా అని అడిగింది. మే నెలనుంచి ఒక్కసారి కూడా కొనలేదని ఒప్పుకుని, ఎందుకు కొనలేదో మొదట్నుంచీ చెప్పాడు. యారిసెల్ గోలా చేతిలోనే కరిగిపోతోంది.

"ఆ అమ్మాయి వయసెంతరా?" అంది వాళ్లమ్మ అంతా విని.

మాస్టారికి అదీ తెలీదు. యారిసెల్ వైపు చూశాడు. ఆమె ఫోను దగ్గరికి వంగి, "ఇరవై ఏడండీ," అంది.

"మరి నేను తెమ్మన్నదీ అదేగా," అంది వాళ్లమ్మ. "తేవడానికి ఇన్నాళ్లు పట్టిందా నీకు?"

ఇది ఒట్టి కాకతాళీయమని మాస్టారు చెప్పబోయాడు. యారిసెల్ తన గోలా అతని నోట్లో కుక్కింది.

తర్వాతి బుధవారం ఊరంతా ఇరవై ఏడు, అరవై నాలుగు ఆడింది. ఫుల్వియో తాత కూడా పావలా పావలా పెట్టాడు. రెండూ రాలేదు. మాస్టారికి మాత్రం రెండూ వచ్చాయి.